షాంపూ పొట్టేలు

ఇప్పుడంటే సూర్యాపేటల కుక్కలకు పుట్టినరోజు కేకులు గూడ దొరుకుతున్నయ్ గని, నేను నౌకరిల పడ్డ కొత్తల గిట్ల లేకుండె. కుక్క అంటే వాకిట్ల ఉండేది, పిల్లి అంటే అటక మీద ఉండేది, గొర్రె అంటే దొడ్ల ఉండేది. ఎవని జాగ వానిది. మొన్న ఒక మేడం తన పప్పీని మా దుకాణానికి తోలుకొచ్చి, "అన్నా, ఇది నిన్నటి సంది అలిగింది, జర మంచిగ మాట్లాడుకుంట స్నానం పొయ్యి" అని చెప్పిపోయింది. (పోసిన. మాట్లాడిన గూడ. అలక తీరిందో లేదో అది నాకు చెప్పలే.) కుక్కలకు, పిల్లులకు తలంటు పోసి, గోర్లు తీసి, బొచ్చు కత్తిరించే ఈ దుకాణం పెట్టి చాన ఏండ్లాయె. నా చేతికింద తమ కుక్క కండ్లు మూసుకొని కదలకుండ నిలబడుడు చూసి, "ఈ పని యాడ నేర్చినవ్ అన్నా, హైదరాబాద్‌లనా?" అని అడుగుతరు జనం. కోదాడల అంటే నమ్మరు. నా చెయ్యి తిరిగింది కుక్కల మీద కాదు, ఒక పొట్టేలు మీద అంటే అస్సలే నమ్మరు. మీరన్న నమ్ముతరని చెప్తున్న.

మాది చివ్వెంల దిక్కు ఒక ఊరు. గొర్లు మాకు తాతల కాలం సంది ఉన్నయ్. మంద దొడ్లకు వస్తుంటె మా బాపు ఒక్క చూపు చూసి ఏది కుంటుతున్నది, ఏది మేత తినలేదు చెప్పేస్తడు. మా చిన్నాయిన అయితే కండ్లు మూసుకొని అడుగుల సప్పుడుకే గొర్రె పేరు చెప్తనంటడు (అబద్ధం. ఆయనకు మా పిల్లల పేర్లే తారుమారైతయి). ఇంతమందిల డిగ్రీ చదివింది నేనొక్కన్నే. చదివి ఏం చేసిన అంటే, ఇంటికొచ్చి నులక మంచం మీద పండుకొని సెల్లు చూసుకుంట రెండేండ్లు గడిపిన. పరీక్షలు రాయలేదని కాదు. సర్కారు ఏ పరీక్ష పెడితే ఆ పరీక్ష రాసిన. అవి నన్ను రాయనిచ్చినయ్ గని పాస్ కానియ్యలే. ఇగ మా నాయినమ్మకు ఓపిక ఖతమైంది. ఒకనాడు నన్ను చెయ్యి పట్టి గుంజుకపోయి ఊరి బయట ముత్యాలమ్మ గద్దె ముందట నిలబెట్టి, తల్లికి వినపడ్డా వినపడకపోయినా నాకు మాత్రం వినపడేటట్టు మొక్కింది. "తల్లీ, మా పెద్దోనికి నౌకరొచ్చేటట్టు చెయ్యి. వచ్చిన యాడాది పండుగకు నీకు పొట్టేలునిచ్చుకుంట."

మా ఇంట్ల మొక్కు అంటే అప్పటికప్పుడు మందల ఏదో ఒకటి పట్టుకపోవుడు కాదు. మొక్కిన వారంలనే పిల్లను చూపియ్యాలె, దాని నొసటికి పసుపు రాయాలె, ఆనాటి సంది అది తల్లిది, మనం ఊకె సాదుతున్నం అంతే. ఆ వారమే ఒక గొర్రె ఈని పిల్లను ఇడిసిపెట్టి సచ్చిపోయింది. తెల్ల మొఖం, నల్ల చెవులు. నాయినమ్మ దానికే పసుపు రాసింది. తల్లిలేని పిల్లకు పాలసీసా పట్టే పని ఎవరిది? ఇంట్ల పనీపాట లేనోనిది. అట్ల బొల్లిగాడు నా పాలబడ్డడు. (తెల్ల మచ్చల జీవాన్ని మా దిక్కు బొల్లి అంటరు. పేరు పెట్టేతందుకు మేం పెద్దగ బుర్ర బద్దలు కొట్టుకోం.) మూడు పూటల పాలు పట్టిన, సలికి నా పాత స్వెటర్ తొడిగిన, మంచం కింద పండుకోబెట్టిన. మందల ఉండి పెరిగితే గొర్రెనయ్యేటోడే గని, నా తాన పెరిగి తనను తాను మనిషి అనుకున్నడు.

మనిషి అనుకున్న పొట్టేలుతోని కాపురం ఎట్లుంటదో చెప్త వినున్రి. వంటింట్లకొచ్చి చాటల బియ్యం బుక్కుతడు. మా అమ్మ చీపురు తీస్తె మంచం కిందికి కాదు, మంచం మీదికి ఎక్కుతడు. ఇంటికొచ్చిన సుట్టాలను ముందు నుంచి మర్యాదగ చూసి, వాళ్ళు చెప్పులు ఇడిసెతందుకు వంగినప్పుడు ఎనుక నుంచి కుమ్ముతడు. మా చిన్నాయిననైతే చెప్పులు ఇడువకపోయినా కుమ్ముతడు. ఒకసారి నా పరీక్ష హాల్ టికెట్ తిన్నడు. సగం తిన్నంక, ఫోటో ఉన్న సగం మాత్రం నా ముందట ఉమ్మేసిండు. ("నీ మొఖం వానికి గూడ సైపలేదురా" అని మా అమ్మ.) నెట్ సెంటర్‌కు పోయి ఇంకోటి తీసుకొని ఆ పరీక్ష రాసిన, అది గూడ పోయింది గని ఆ తప్పు మాత్రం వానిది కాదు. ఫలితాలొచ్చిన పొద్దున ఇంట్ల ఎవ్వరు నా దిక్కు చూడలే. బాపు మందతోని ఎల్లిపోయిండు, అమ్మ బోళ్ళు గట్టిగ సప్పుడు చేసుకుంట తోమింది. బొల్లిగాడొచ్చి నా మోకాలి మీద గదువ పెట్టి నెమరేసుకుంట నిలబడ్డడు. పాసైనోడు, ఫెయిలైనోడు వానికి ఒక్కటే. ఆనాడు వాని మెడ పట్టుకొని నేను ఏడ్సిన మాట నిజం.

కోదాడల కొత్తగ ఒక పెట్ షాపు పెట్టిన్రని, మనిషి కావాలన్నరని మా దోస్తొకడు చెప్తె పోయిన. ఓనరు సారు కృష్ణా నది అవతలి దిక్కు ఆయన, మాట మెత్తన. "జంతువులంటే భయం లేదు గదా?" అని అడిగిండు. గొర్ల మందల పుట్టినోన్ని పట్టుకొని ఏం ప్రశ్న అది! "సార్, మాకు మనుషులంటేనే భయం" అన్న. అక్కడికక్కడ్నే పెట్టుకున్నడు. మొదటిరోజే ఒక పెద్ద జర్మన్ షెపర్డ్‌ను నా చేతికిచ్చిండు. బకెట్టు నీళ్ళు ఎత్తి నెత్తి మీద కుమ్మరించిన. అది ఒక్కసారి ఒళ్ళు దులిపింది సూడున్రి, నేను, గోడ, గోడ మీది క్యాలెండరు, కౌంటర్ల కూసున్న సారు, అందరం తడిసినం. సారు అద్దాలు తుడుచుకుంట అన్నడు, "ఏమయ్యా, నువ్వు కుక్కకు పోశావా, అది నీకు పోసిందా? ఇదిగో, ముందు చెవుల్లో దూది పెట్టు. ఏ జీవమైనా చెవిలో నీళ్ళు పడితేనే దులుపుకుంటుంది. చెవి పొడిగా ఉండి, నీళ్ళు గోరువెచ్చగా ఉంటే రాజులాగా నిలబడుద్ది." ఆ ఒక్క ముక్క మీదనే నా బతుకంత నడిచింది, నడుస్తున్నది.

నెలకు రెండుసార్లు మిర్యాలగూడకు గూడ పోయేది. అక్కడ ఒక రైసుమిల్లు ఓనరు ఇంట్ల పొడుగు బొచ్చు పిల్లి ఉండె. మిల్లు నిండ ఎలుకలు, ఈ పిల్లి మాత్రం ఏసీ రూంల సోఫా మీద. దానికి స్నానం పోసుడు అంటే యుద్ధమే. మొదటిసారి పోయినప్పుడు అది నా చేతుల మీద గీసిన గీతలు చూసి కోదాడ బస్సుల నా పక్కన కూసున్న పెద్దమనిషి, "ఏం బిడ్డా, ఇంట్ల లొల్లయ్యిందా?" అని ఎంతో జాలిగ అడిగిండు. పిల్లి అని చెప్పబుద్ధి కాలే. "అవునే తాతా" అన్న.

ఇంట్ల మాత్రం నేను కాలు మీద కాలేసుకొని చెప్పిన. "నౌకరొచ్చింది నాయినమ్మా. పెద్ద కంపెనీ. జంతువుల ఆరోగ్య విభాగం." ఆమె కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్, ఊరంత బెల్లం పంచింది. ఆ బెల్లం తీపి పోకముందే మా చిన్నాయిన ఏదో పని మీద కోదాడకు వచ్చి, షాపు అద్దంలకెళ్ళి నన్ను చూసిండు. అప్పుడు నేను ఒక చిన్న తెల్లకుక్కకు మెషిన్‌తోని బొచ్చు ఆరబెట్టుకుంట, చెవుల తాన గులాబి రిబ్బన్ కడుతున్న. ఇగ చెప్పేదేముంది. నేను ఇంటికి చేరేటాలకు ఊరంత తెలిసింది. "గొల్లోని కొడుకు గొర్లు కాసుడు చూసినం గని, కుక్కకు జడేసుడు ఇప్పుడే చూస్తున్నం" అని రచ్చ కాడ చిన్నాయిన యాక్షన్ చేసి మరీ చూపించిండట. నేను తలకాయ దించుకొని ఇంట్లకు పోతే నాయినమ్మ ఒక్కతే నవ్వలే. "జీవాల పనే గదరా. మన పనే గద" అన్నది.

షాపుకు మంగళవారం సెలవు. సోమవారం పొద్దుగూకంగ బస్సెక్కి ఇంటికొచ్చి, మంగళవారం పొద్దున బొల్లిగాని మీద ప్రాక్టీస్ చేసేది. సీసాలల్ల అడుగుకు మిగిలిన షాంపూ అంత సారు నాకే ఇచ్చేటోడు. గొర్రెకు నీళ్ళంటే యముడు, మీకు తెలుసో లేదో. వానజల్లు పడితేనే మంద మంద ముడుసుకుంటది. మొదటివారం బొల్లిగాడు సబ్బు నురుగుతోనే ఇల్లంత ఉరికి, నాయినమ్మ ఆరబెట్టిన మిరపకాయల మీద పొర్లిండు. రెండోవారం చెవుల దూది పెట్టిన, నీళ్ళు పొయ్యి మీద కాసిన, మెల్లగ వీపు మీదికెళ్ళి మొదలుపెట్టిన. నిలబడ్డడు. నెల తిరిగేటాలకు, బకెట్టు సప్పుడు వింటే చాలు, వాడే వచ్చి బండ మీద నిలబడి కండ్లు మూసేటోడు. ఒక దిక్కు రుద్దుడు అయిపోతే నేను చెప్పకముందే రెండో దిక్కు తిరిగేటోడు. నాయినమ్మ అరుగు మీద కూసొని దీపానికి వత్తులు చేసుకుంట ఇదంత చూసేది. "ఏందిర అది, పెండ్లికొడుక్కు గూడ ఇంత నలుగు పెట్టరు. ఆ చెవుల దూది ఏంది?" అని అడిగితే, సారు చెప్పిన ముక్క పెద్ద డాక్టరు లెక్క ఆమెకు అప్పజెప్పిన. ఆమె "అట్లనా" అని వత్తి చేసుకున్నది.

ఆ సంబురంల నేను ఒక్క సంగతి మర్సిపోయిన. ఏడాది తిరిగి ముత్యాలమ్మ పండుగొచ్చింది. ఒక మంగళవారం అన్నం కాడ నాయినమ్మ, "ఇగ మొక్కు తీర్చుకోవాలె. పెద్దోనికి నౌకరొచ్చె గద" అన్నది. నా చేతిల ముద్ద చేతిల్నే ఉన్నది. బొల్లిగాడు అప్పుడు కడపల నిలబడి నా కంచం దిక్కే చూస్తున్నడు.

"నాయినమ్మా, అది నౌకరే కాదే" అన్న.

"ఏంది?"

"కుక్కలకు తానం పోసుడు గూడ ఒక నౌకరేనా? చిన్నాయినను అడుగు. ఊర్ల ఎవర్నన్న అడుగు. థూ, అది ఒక నౌకరా?"

"మరి వచ్చిననాడు జంతువుల ఆరోగ్య విభాగం అంటివి?"

"అబద్ధమే చెప్పిన!"

మా చిన్నాయిన కూర గిన్నె దగ్గరికి గుంజుకుంట, "నౌకరి కాకపోతే మరి నెల నెల ఇంటికి పంపుతున్నదేంది? నౌకరంటే నౌకరే. నేను మా బామ్మర్దులకు చెప్పేసిన, పండుగకు రమ్మని" అన్నడు. ఏడాది పొడుగు నా నౌకరిని చూసి నవ్వినోడు ఆనాడు దాని పక్షాన నిలబడ్డడు. బాపు తల ఎత్తకుండ ఒక్కటే మాటన్నడు, "మొక్కు మొక్కేరా. మంద మీద బతుకుతున్నం, తల్లితోని మాట తప్పుతే ఎట్ల?" నాయినమ్మ దిక్కు చూసిన. ఆమె మొఖంల ఏమీ తెలుస్తలేదు. "మాటిచ్చిన బిడ్డా" అన్నది మెల్లగ. నేను గొర్ల ఇంట్ల పుట్టినోన్ని, మాంసం తిననోన్ని కాదు, ఎన్ని పండుగలు చూడలే! అయినా ఆ ఒక్క తెల్ల మొఖం కాడ నేను కంచం పక్కకు జరిపిన. వాడు నన్ను నమ్మినంత ఈ లోకంల నన్నెవ్వరు నమ్మలే.

తెల్లారి కోదాడకు పోయి ఏం చేసినననుకుంటున్నరు? సారు ముందట చేతులు కట్టుకొని, "సార్, నన్ను నౌకరిలకెళ్ళి తీసెయ్యండి" అన్న. సారు కుక్క బిస్కెట్ల డబ్బా కింద పెట్టి నా దిక్కు చూసిండు. "ఎందుకయ్యా? నేనేమన్నా అన్నానా?" "లేదు సార్. పదిరోజులు తీసేసి మళ్ళ పెట్టుకోండి. పండుగనాటికి నాకు నౌకరి ఉండొద్దు." సంగతంత చెప్పిన. సారు నవ్వుదామా వద్దా అని కొంచెంసేపు పరేషానైండు. "జీతం పెంచమన్నవాళ్ళని చూశాను, సెలవు అడిగినవాళ్ళని చూశాను. ఉద్యోగం పీకమన్న మొదటివాడివి నువ్వేనయ్యా" అన్నడు. తర్వాత నిదానంగ అన్నడు, "నేను తీసేసినా మీ నాయనమ్మ మొక్కు నీకు ఉద్యోగం వచ్చినప్పుడే పండింది గదా. పోయింది గాబట్టి మొక్కు వెనక్కి తీసుకుంటారా?" ఆ లాజిక్ నాకు తట్టలేదు. డిగ్రీ చదివింది నేను, తట్టింది ఆయనకు.

పండుగనాడు పొద్దున్నే నేను నీళ్ళు కాసిన, ఆఖరుసారి నా చేతులతోని తానం పోద్దామని. నాయినమ్మ బకెట్టు గుంజుకున్నది. "నువ్వు అవుతల ఉండు. నా మొక్కు, నేనే తయారుచేస్త" అని బొల్లిగాన్ని దొడ్లకు తీసుకపోయి తడిక ఏసుకున్నది. బయటికొచ్చేటప్పటికి వాని మెడల వేపాకు దండ, నొసటికి, కొమ్ములకు, చెవులకు పసుపు. డప్పులు ముందట, బోనాలు ఎనుక, నడిమిట్ల వాడు. తాడు కట్టలే, కట్టే పని లేదు. నా ఎంబడి నడిచిండు. అదే నాకు అన్నిటికంటే బాధైంది.

మా తాన ఒక కట్టడి ఉన్నది. గద్దె ముందట జీవం మీద పసుపునీళ్ళు పోస్తరు. అది తనంతట తాను ఒళ్ళు దులపాలె. దాన్ని జడ్తి ఇచ్చుడు అంటరు. దులిపితే తల్లి ఒప్పుకున్నట్టు. దులపకపోతే కత్తి ముట్టొద్దు. ఎప్పుడూ దులపకపోవుడు అనే ముచ్చటే లేదు, చెప్పిన గద, గొర్రెకు నీళ్ళంటే యముడు. చుక్క పడంగనే దులుపుతది. నేను ఎనుక నిలబడి కండ్లు మూసుకున్న. నాయినమ్మ మొదటి చెంబు పోసింది. నేను దులిపే సప్పుడు కోసం చూస్తున్న. డప్పు ఆగింది. సప్పుడు లేదు. కండ్లు తెరిసి చూస్తె, బొల్లిగాడు బండ మీద నిలబడ్డట్టు నిలబడి, కండ్లు మూసుకొని, మెడ సాచి హాయిగ ఉన్నడు.

"ఇంకోటి పొయ్యున్రి" అన్నడు కులపెద్ద. రెండో చెంబు పోసిన్రు. వాడు రెండో దిక్కు తిరిగిండు, ఒకదిక్కు అయిపోయింది, ఇగ ఈ దిక్కు రుద్దున్రి అన్నట్టు. జనంల ఒకరిద్దరు కిసుక్కుమన్నరు. మూడో చెంబు అయింది. నాలుగోది బిందె. మా చిన్నాయిన బామ్మర్దొకడు సర్బత్ బండి కాడికి ఉరికి ఐస్ నీళ్ళు తెచ్చి వీపు మీద పోసిండు. బొల్లిగాడు ఒక కన్ను తెరిసి వాని దిక్కు చూసి, మళ్ళ మూసుకున్నడు. షాంపూ ఎప్పుడు పెడ్తరా అని ఎదురుచూస్తున్నడని నాకొక్కనికే తెలుసు! డప్పులోళ్ళు కొట్టి కొట్టి అలసి బీడీ ముట్టించుకున్నరు. నాకు లోపల ఒకదిక్కు సంతోషం, ఒకదిక్కు భయం. ఇది తల్లి దయనా, నా మంగళవారాల పాపమా? నేను మోసం చేయాలని చేయలే. అయినా చేసినట్టే అయింది గదా.

అప్పుడు మా చిన్నాయిన పంచె ఎగ్గట్టి ముందటికొచ్చిండు. "గిట్ల కాదు, దీని సంగతి నాకు తెలుసు. చెవుల పోస్తె ఎందుకు దులపదో చూస్త" అని చెంబు పట్టుకొని వాని చెవి ఎత్తబోయిండు. నాయినమ్మ చెయ్యి లేసింది సూడున్రి, చెంబు పోయి డప్పు మీద పడ్డది. "చెవుల పోస్తవారా? సిగ్గుందా? తనంతట తాను దులపాలె గని, చెవుల పోసి దులిపిస్తె అది తల్లి అడిగినట్టా, నువ్వు అడిగినట్టా?" డెబ్బై ఏండ్ల ముసల్ది అట్ల గర్జించేటాలకు కులపెద్ద గూడ ఒక అడుగు ఎనుకకేసిండు. "అమ్మ చెప్పింది సత్యం. తల్లి ఒప్పుకోలే. ఎందుకొప్పుకోలేదో మొక్కినామెనే చెప్పాలె" అన్నడు. నాయినమ్మ గద్దె దిక్కు తిరిగి, చేతులు జోడించి, కొంచెంసేపు కండ్లు మూసుకొని, జనం దిక్కు తిరిగి చెప్పింది. "నా పెద్దోనికి వచ్చింది తల్లికి నౌకరి లెక్క కనపడలే. మొన్న వాడే చెప్పిండు, అది నౌకరే కాదని. సర్కారు నౌకరొచ్చినప్పుడు చూసుకుందాం. ఇయ్యాలటికి కొబ్బరికాయ, కోడి." ఊరంత నా దిక్కు జాలిగ చూసింది. జన్మల ఎప్పుడూ నాకు అవమానం అంత తియ్యగ అనిపించలే. మా చిన్నాయిన మాత్రం బామ్మర్దులకు కోడికూరతోనే సరిపెట్టి, ఆ ఏడంత నాతోని మాట్లాడలే.

పగటిపూట ఇంటికొచ్చినంక, బండ మీద నిలబెట్టి తువ్వాలతోని బొల్లిగాన్ని తుడుస్తున్న. వాడు తల అటుఇటు గీరుకుంటుంటె చెవి ఎత్తి చూసిన. లోపల ఏదో తెల్లగ కనపడ్డది. రెండు వేళ్ళతోని పట్టి మెల్లగ గుంజిన. దూది. నేను పెట్టే ఉండ దూది కాదు. సన్నగ, గట్టిగ, విభూతి అద్ది ఒత్తిన దీపం వత్తి. ఇంకో చెవిల చూసిన. అండ్ల గూడ ఒకటి. పైన పసుపు మందంగ రాసి కనపడకుండ చేసింది. పొద్దున తడిక ఎందుకేసుకున్నదో, చిన్నాయిన చేతిల చెంబు ఎందుకు ఎగిరిపోయిందో అప్పుడు నాకు తెలిసింది. సారు నాకు చెప్పింది, నేను ఆమెకు చెప్పింది, ఆమె "అట్లనా" అని ఊరుకున్నది, అన్ని ఒక్కసారి యాదికొచ్చినయ్. అరవై ఏండ్లు గొర్ల నడుమ బతికిన మనిషికి నేను చెప్తె తెలిసిందని గాదు, ఆమెకు ఎప్పటికో తెలుసు. ఆ తడి వత్తులు రెండు పట్టుకొని అరుగు కాడికి పోయిన. నాయినమ్మ ఎప్పటిలెక్కనే కూసొని రేపటి దీపానికి వత్తులు చేస్తున్నది. ఆమె పళ్ళెంల వాటిని పెట్టిన.

ఆమె తల ఎత్తలే. "పసుపు అంటింది, పళ్ళెంల పెట్టకు. ఎండల పెట్టు. ఎండితే దీపానికి పనికొస్తయ్" అన్నది.

"నాయినమ్మా... తల్లికి కోపం రాదా?"

"మొక్కింది నేను. నా తల్లితోని నేను మాట్లాడుకుంట. నడుమ నువ్వెవడివి?" అని, వత్తి ఒత్తుకుంట ఆగి, "నువ్వు ఫెయిలైననాడు నీ తాన నిలబడ్డది ఆ ఒక్క జీవమేరా. నేను గూడ రాలే. ఆనాడు కడపల నిలబడి చూసిన" అన్నది. నాకు ఏడుపొచ్చింది. ఆమె ఒడిల తలకాయ పెడదామనుకున్న గని, అంతల బొల్లిగాడు ఎనుక నుంచి కుమ్మిండు, నేను మిరపకాయలల్ల పడ్డ.

ఆనాటి సంది మా ఇంటి నడక మారింది. సర్కారు నోటిఫికేషన్ పడ్డదంటె ఊర్ల అందరి ఇండ్లల్ల సంబురం, మా ఇంట్ల పరేషాన్. ఎవరన్న "మీ పెద్దోన్ని రాయమనున్రి" అంటే నాయినమ్మ వాళ్ళకు చాయ్ గూడ పోసేది కాదు. నేను మళ్ళ ఒక్క పరీక్ష రాయలే. కోదాడల సారు తాన మూడేండ్లు పనిచేసి, ఆయన పెద్ద మనసుతోని ఇచ్చిన పాత మెషిన్‌తోని సూర్యాపేటల నా దుకాణం తెరిసిన. మొదటి గిరాకి మా బొల్లిగాడే. ట్రాలీ ఆటోల తీసుకొచ్చి, రోడ్డు మీద పోయేటోళ్ళందరు ఆగి చూస్తుంటె తానం పోసిన. ఆనాడు చూసినోళ్ళే తర్వాత కుక్కలను తోలుకొచ్చిన్రు, "పొట్టేలునే నిలబెట్టినోడు మా కుక్కను నిలబెట్టడా" అనుకుంట. బొల్లిగాడు పదేండ్లు దాటి బతికిండు. పండ్లు అరిగి, మోకాళ్ళు వంగి, చివరికి చిన్నాయినను గూడ కుమ్ముడు ఇడిసిపెట్టిండు. (అప్పుడు ఎక్కువ బాధపడ్డది చిన్నాయినే. "కుమ్మురా, కుమ్ము" అని చెప్పులు లేకున్నా వాని ముందట వంగి నిలబడేటోడు.) ఒక మంగళవారం తానం పోసినంక ఎండల పండుకొని, అట్లనే కండ్లు మూసిండు.

మరి మొక్కు సంగతి అంటరా? అది ఇంకా అట్లనే ఉన్నది. నా దుకాణంల ఇద్దరు పనోళ్ళున్నరు, నెత్తి మీద సగం వెంట్రుకలు పోయినయ్, నా బిడ్డ పదోతరగతికొచ్చింది. అయినా ఏటా పండుగకు నాయినమ్మ వంగిన నడుముతోని నా చెయ్యి పట్టుకొని గద్దె ముందట నిలబెడ్తది. ఎండిన పసుపు వత్తి ఒకటి కొంగు ముడిలకెళ్ళి తీసి, ముట్టించకుండనే తల్లికి చూపెట్టి, మళ్ళ ముడేసుకొని, అప్పటి గొంతుతోనే గట్టిగ చెప్తది, "తల్లీ, మా పెద్దోనికి ఇంకా నౌకరి రాలే. జర ఓపిక పట్టు." ఎనుక నా బిడ్డ నవ్వు ఆపుకోలేక నోరు మూసుకుంటది. నేను మాత్రం నవ్వను. నౌకరి లేనోడు ఎంత బుద్ధిగ నిలబడాల్నో అంత బుద్ధిగ చేతులు జోడించి నిలబడ్త.